రోగిసేవయు తైలమర్దనమును

శ్రీరంగక్షేత్రమున పెరియ పెరుమాళ్ళను సేవించుకొన్నవారికి తెలిసిన విశేషమొకటి కలదు. అచటి మూలమూర్తి శిలామయము కాదు, సుధామయము. కావున తిరుమంజనము ఉత్సవమూర్తియగు నంపెరుమాళ్ళకే జరుగును. మూలమూర్తికి జ్యేష్ఠాభిషేక సమయమున తైలక్కాప్పు సమర్పించి, అది ఆరువరకు తిరుమేనిని వస్త్రముతో కప్పి యుంచెదరు. ఆ దినములలో వచ్చిన యాత్రికునకు తిరుముఖదర్శనమే కాని పాదదర్శనము లభింపదు. దూరమునుండి వచ్చినవానికి అది వెలితిగా తోచవచ్చును. కాని తిరుమేని స్వభావమెట్టిదో సేవయు అట్టిదే కావలెనని ఆ ఆలయమర్యాద తెలుపుచున్నది.

గృహములలో వ్యాధిగ్రస్తులైన పెద్దలకు ఒళ్ళు పట్టునపుడు, కాళ్ళు పిసుకునపుడు ఈ మర్యాదను స్మరించుట మేలు. అభ్యంగము ముదిమిని, బడలికను, వాతమును పోగొట్టునని, శిరస్సునకు, చెవులకు, పాదములకు విశేషముగా చేయవలెనని అష్టాంగహృదయము చెప్పినది. ఇంతవరకు అందరెరిగినదే. కఫరోగికిని, శోధనచికిత్స పొందినవానికిని, అజీర్ణముతో నున్నవానికిని అది కూడదని ఆ వాగ్భటాచార్యుడే వెంటనే నిషేధించెను. ఈ రెండవ మాటను జ్ఞాపకముంచుకొనువారు అరుదు.

శస్త్రచికిత్స జరిగి పది దినములు మంచము పట్టిన తండ్రికి ఒక కాలిపిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా నున్నదనుకొందము. “నాయనా, కొంచెము కాలు పట్టరా” అని ఆయన అడుగును. తండ్రి నోరు తెరచి అడిగిన పాదసేవను కాదనుట కుమారునకెంత కష్టము! అయినను అట్టి కాలిలో లోపలి సిరయందు రక్తము గడ్డకట్టి యుండవచ్చును. పిసికినచో ఆ గడ్డ కదలి, గుండె గుండా ఊపిరితిత్తులకు చేరి ప్రాణమునకే ముప్పు తేగలదు. అప్పుడు వైద్యుని యొద్దకు పరుగెత్తుటయే పాదసేవ. అట్లే మధుమేహముచే పాదములలో స్పర్శ నశించినవానికి కాగిన నూనె కాల్చుచున్నను తెలియదు.

ఇంతకును సేవ ఎవరి కొరకు? పరునకు అతిశయము కలిగించుటయే స్వరూపముగా గలది శేషమని భగవద్రామానుజులు వేదార్థసంగ్రహమున నిరూపించిరి. తన తృప్తికై చేసిన సేవ, ఎంత చెమటోడ్చి చేసినను, ఆ లక్షణమునకు వెలుపలనే యుండును. “మా నాయనకు రోజూ గంటసేపు నేనే ఒళ్ళు పట్టితిని” అను మాటలో ‘నేనే’ అనునది కొంచెము గట్టిగానే వినబడును.

దీనికంటె క్రూరమైన దోషము వేరొకటి కలదు. క్యాన్సరు వచ్చినవారిని ముట్టుటకే బంధువులు జంకుదురు. అది అంటురోగమని కొందరి భయము. మర్దనముచే శరీరమంతట ప్రాకునని కొందరి భయము. మొదటిది అజ్ఞానము. రెండవ శంక పూర్వము వైద్యులకును ఉండెడిది. మృదుస్పర్శచే ఆ వ్యాధి వ్యాపింపదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. అయితే కణితి యున్నచోట, కిరణచికిత్స పొందిన చర్మముపై, వ్యాధి సోకిన ఎముకలపై ఒత్తరాదు. రక్తములో ప్లేట్‌లెట్లు తగ్గినపుడు కొద్ది ఒత్తిడికే చర్మము కమిలిపోవును. ఇవి వైద్యునడిగి తెలిసికొని, అరచేయి బరువు మాత్రమే మోపి చేతులకో పాదములకో నూనె రాచినచో రోగి ఆందోళన కొంత తగ్గవచ్చును.

మారనేరి నంబి చరిత్ర వైష్ణవ గృహములకు క్రొత్త కాదు. ఆచార్యులగు ఆళవందారుల రాచపుండును గురుప్రసాదముగా తాను స్వీకరించిన మహనీయుడాయన. తక్కువ కులమువాడని లోకము దూరముంచిన ఆయనకు పెరియ నంబి స్వయముగా శుశ్రూష చేసి, పరమపదించిన పిదప సంస్కారమును గూడ చేసిరి. ఆక్షేపించినవారికి, జటాయువు విషయమున శ్రీరాముడు నడచిన తీరునే ఆయన ఉదాహరించిరని పెద్దలు చెప్పుదురు. పుండును చూచి ఆయన చేయి వెనుకకు పోలేదు.

ఇక ఆ తండ్రి ఇంటికి వచ్చి, రక్తము గడ్డకట్టకుండుటకు మందులు వాడుచు, మరల కాలు పట్టుమనును. వైద్యుడు వలదన్నాడని కుమారుడు నెమ్మదిగా చెప్పి, ఆయన చేతిని తన చేతిలోనికి తీసికొని మంచము ప్రక్కన కూర్చుండవచ్చును. ఆయన విసుగుకొన్నను కూర్చుండవచ్చును.