కావలివాని గుర్తు

దావీదు రెండు గుమ్మముల నడుమ కూర్చుండి యుద్ధవార్త కొరకు కనిపెట్టుచుండగా, గుమ్మముపైనున్న కావలివాడు దూరమున పరుగెత్తి వచ్చుచున్న యొకని చూచి, ఆ పరుగు అహిమయస్సు పరుగువలె నున్నదని చెప్పిన సంగతి రెండవ సమూయేలు 18వ అధ్యాయములో మనము చదివియున్నాము. ముఖము కనబడలేదు, పరుగే గుర్తు. మనమును పొలము గట్టుమీద వచ్చువాని నడక చూచి, ఫలానివాడని చెప్పుచుందుము గదా.

నేడు ఈ కావలిపనిని రాడార్ అను యంత్రమునకు నేర్పుచున్నారు. అది రేడియో తరంగములను పంపి, దేనికైనను తగిలి తిరిగివచ్చిన వాటిని పట్టుకొనును. రైలు మనవైపు వచ్చునప్పుడు దాని కూత సన్నగాను, దాటిపోగానే బొంగురుగాను వినబడును. ఈ సూత్రమును 1842లో ఆస్ట్రియా దేశస్థుడైన డాప్లర్ ప్రకటించెను. కదలు వస్తువునుండి మరలివచ్చు తరంగమును అట్లే మారును. నేలయు గోడలును కదలవు గనుక యంత్రము వాటిని విడిచి, కదలు దానినే పట్టుకొనును. అంతేకాదు, నడచు మనుష్యుని చేతులు కాళ్లు ఊగుట ఒక గుర్తు. టాంకు చక్రములమీది ఇనుప పట్టా పైభాగము టాంకు వేగమునకు రెట్టింపు వేగముతో ముందుకు పోవుట మరియొక గుర్తు; లారీకి అది లేదు. 1991 గల్ఫ్ యుద్ధములో అమెరికావారు కదలు వాహనములను పట్టు రాడార్ విమానములను ఎడారిపై తిప్పిరి.

అయితే రాడార్ చూపునకు సరిగా అడ్డముగా పోవు బండి కదలిక దానికి అందదు. మరియు, నేర్పిన పేర్లలో ఒకటి చెప్పియే తీరవలెనని నియమించినయెడల, ఎన్నడు చూడని బండికిని అది ఏదో యొక పేరు పెట్టును. టాంకును లారీని మాత్రమే నేర్పినవారు, ట్రాక్టరు ఎదురైనప్పుడు ఏమి చేయుదురు?

ఇది ఊరక అడిగిన ప్రశ్న కాదు. 1999 ఏప్రిల్ 14న కొసోవోలోని జకోవా పట్టణ సమీపమున నాటో విమానములు సైన్యపు బండ్లనుకొని బాంబులు వేసెను. చనిపోయిన 70 మందికి పైగా జనులు ట్రాక్టర్లమీదను బండ్లమీదను ఇండ్లు విడిచి పోవుచున్న శరణార్థులు. అక్కడ పొరపడినది యంత్రము కాదు, మిక్కిలి ఎత్తునుండి చూచిన మనుష్యుని కన్ను. యంత్రముచేత ఇట్టి తప్పులు తగ్గునని కొందరందురు. తగ్గవచ్చును, మేము కాదనము. రాత్రియు మబ్బును దానికి అడ్డము కావు.

కాని మనుష్యుడు పొరపడినప్పుడు లెక్క అడుగుటకు ఒకడుండును. యంత్రము పేరు పెట్టినప్పుడు ఎవరిని అడుగవలెను? నేర్పినవానినా, కొన్నవానినా, మీట నొక్కినవానినా? వారు ఒకరినొకరు చూపుకొందురని మా భయము. తెలియదని చెప్పుట నేర్పని యంత్రమునకు ఆయుధమును ముడిపెట్టుట తప్పనియు, ముడిపెట్టినవాడే ఉత్తరవాదియనియు మేము తలంచుచున్నాము.

కావలివాడు పొరపడలేదు. వచ్చినవాడు అహిమయస్సే. అయితే రాజు, అతడు మంచివాడు గనుక మంచి వార్తయే తెచ్చుచున్నాడని తలంచెను. జయవార్త నిజమే గాని, అబ్షాలోము సంగతి అడిగినప్పుడు అతడు మాట దాటవేసెను. అప్పుడు రాజు అతనిని ప్రక్కకు తొలగి నిలువుమని చెప్పి, వెనుక వచ్చుచున్న రెండవవాని కొరకు కనిపెట్టెను.