చలికి ఎత్తుకోని బండి

మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఒక డీజిల్ పికప్ ఉంటుంది. బొలెరో. మా వైపు దాన్ని పికప్ అని ఎవరూ అనరు, ట్రాలీ అంటారు. నాన్న సింగరేణిలో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుల్లో కొంత పెట్టి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం. పత్తి, మక్కలు, సిమెంటు, పెళ్లి సామాను, మేకలు, ఒకసారి వినాయకుడు. అది మోయనిదంటూ లేదు. వానాకాలంలో బురదలో దిగబడ్డ ఆటోలనీ, అప్పుడప్పుడూ ట్రాక్టర్లనీ తాడు కట్టి లాగుతుంది. లాగేటప్పుడు దాని గొంతు మారుతుంది. ఆ చప్పుడంటే నాకు కొంచెం గర్వం కూడా.

నేను చెప్పబోయేది మాత్రం ఆ బండి పేరు మీద ఆడిన ఒక అబద్ధం గురించి.

ఇల్లందు నుంచి గుండాల వైపు పోతుంటే కాసేపటికే అడవి మొదలవుతుంది. రోడ్డు మీద ఊళ్లు కొన్నే. లోపల కోయ గుంపులు, లంబాడీ తండాలు. మధ్యలో వాగులు, అవన్నీ తిరిగి తిరిగి కిన్నెరసానిలో కలిసేవే. మా ఇల్లు రోడ్డు మీద ఉంది, బండి ఇంటి ముందు ఉంది. కాబట్టి రాత్రిపూట ఎవరికి ఏమైనా మా తలుపే కొడతారు. పాము కరిచిందని, జ్వరం దిగట్లేదని, నొప్పులొస్తున్నాయని. ఆ సంవత్సరం అప్పటికే నాలుగుసార్లు వెళ్లాను. డీజిల్‌కి ఇస్తే తీసుకున్నాను, ఇవ్వకపోతే అడగలేదు. నన్ను నేను మంచివాణ్ణని అనుకోవడానికి ఆ నాలుగు రాత్రులూ బాగానే పనికొచ్చాయి.

ఐదోది డిసెంబర్‌లో. ఒంటిగంట దాటింది. తలుపు తీస్తే, మోటార్ సైకిల్ మీద ఆరు కిలోమీటర్లు అడవిలోంచి వచ్చినవాడు, చెవులకు తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. తెలిసినవాడే, మా పత్తి ఎత్తడానికి వస్తుంటాడు.

"అన్నా, బండి తియ్యాలె. మా ఆమెకు నొప్పులొస్తున్నై. అంబులెన్సు వేరే ఊరికి పోయిందంట, టైం పడ్తదన్నరు."

నేను అన్నది ఇది: "బండి స్టార్ట్ అయితలేదు తమ్మీ. హీటర్ ప్లగ్గులు పోయినై. ఈ చలికి ఎత్తుకోదు."

వాడు బండి వైపు చూశాడు. నా వైపు చూశాడు. "సరే అన్నా" అని బైకు తిప్పుకుని పోయాడు.

ఆ అబద్ధాన్ని తర్వాత చాలాసార్లు విప్పి చూసుకున్నాను, ఇంజన్ విప్పినట్టే. పైకి బాగానే ఉంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు పెట్టిన ఆలోచనలో నిప్పురవ్వకు చోటు లేదు. గాలిని గట్టిగా అదిమితే అది వేడెక్కుతుంది, ఆ వేడికే నూనె అంటుకుంటుంది. పెట్రోల్ ఇంజన్‌లా స్పార్క్ ప్లగ్ అక్కర్లేదు. కానీ ఇనుము చల్లగా ఉంటే ఆ వేడిని అదే మింగేస్తుంది. అందుకే ముందుగా లోపల వెచ్చబెట్టే ప్లగ్గులు. అసలైన చలి దేశాల్లో ఇంకో తిప్పలుంది. డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ దగ్గరే ఆగిపోతుంది. లడఖ్‌లో బండ్ల కింద మంట పెట్టి స్టార్ట్ చేసుకునేవాళ్లు. అక్కడి కోసమని ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్ తెచ్చింది. మన దగ్గర అంత చలి ఎక్కడిది? లంబసింగిలో మహా అయితే సున్నా దగ్గరికి వస్తుంది, దానికే హైదరాబాద్ నుంచి జనం ఫొటోలకు పోతారు. ఆ రాత్రి మా ఊళ్లో ఉన్న చలికి ఒక దుప్పటి చాలు.

పొద్దున ఆరింటికి తాళం తిప్పాను. అరచుట్టులో అందుకుంది.

రాత్రి నేను తాళం తిప్పి కూడా చూడలేదు. తిప్పితే స్టార్ట్ అవుతుందని తెలుసు కదా. ఇంకోటి తర్వాత తట్టింది. వాడు "తోసి చూద్దామా అన్నా" అనలేదు. మా దగ్గర బండి ఎత్తుకోవట్లేదంటే పిల్లవాడైనా ముందు అనేమాట అదే.

నాకు కారణం లేక కాదు. ఉంది, అదీ కాగితం మీద రాసి ఉన్న కారణం. ట్రాలీ సరుకుల బండి. 1988 మోటారు వాహనాల చట్టాన్ని 1994లో సవరించినప్పుడు సరుకు యజమానికీ అతని మనిషికీ బీమాలో చోటిచ్చారు. ఊరికే ఎక్కించుకున్నవాళ్లకు ఇవ్వలేదు. ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002 డిసెంబర్‌లో తేల్చింది కూడా ఇదే: సరుకుల బండిలో ఎక్కినవాళ్లకు ఏమైనా అయితే బీమా కంపెనీ కట్టక్కర్లేదు. అంటే బండి యజమాని కట్టుకోవాలి. 2019 సవరణలో సాయం చేసినవాళ్లను కాపాడే 134ఎ సెక్షన్ వచ్చింది గానీ, అది రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లను మోసుకుపోయేవాడికి. నొప్పులు పడుతున్న మనిషి ప్రమాద బాధితురాలు కాదు. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టినా, వెనక తొట్టిలో వాళ్లమ్మ, ఆడబిడ్డ, ఆశా కార్యకర్త, ఇంకో ముగ్గురు ఎక్కుతారు. వాగు దగ్గర బండి పల్టీ కొడితే మా ఇల్లు పోతుంది. అమ్మ చాలాసార్లు అన్నది, "నీకూ పిల్లలున్నర్రా" అని.

ఇదంతా నిజం. మరి ఈ నిజాన్ని గుమ్మంలో నిలబడ్డవాడికి ఎందుకు చెప్పలేదు? "తమ్మీ, ఇన్సూరెన్స్ రాదు" అని అనొచ్చు కదా. నోరు రాలేదు. ఎదుటి మనిషి ముఖం చూసి చెప్పలేని కారణం అసలు కారణమేనా అని కొన్నాళ్లు అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనను. చెప్పుకోలేని సరైన కారణాలు కూడా ఉంటాయి. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల ముందు డాక్టర్లు మోసే లెక్కలన్నీ అలాంటివే. నా సంగతి వేరు. ఆ చట్టం ముందటి నాలుగు రాత్రులూ ఉంది, నేను వెళ్లాను. ఐదో రాత్రి కొత్తగా ఉన్నది నిద్ర ఒక్కటే.

పీటర్ సింగర్ 1972లో రాసిన కరువు వ్యాసం హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు చదివాను. చెరువులో పిల్లవాడు మునిగిపోతుంటాడు, దిగితే మన బట్టలు బురదవుతాయి, అంతే. దిగకుండా ఉంటామా? ఉండం అని వెంటనే ఒప్పుకున్నాను, టీ తాగుతూ. ఆ వ్యాసంలో చెరువు దారిలో ఒకసారి ఎదురవుతుంది. నాకు చెరువు ఇంటి ముందే ఉంది, నెలకొకరు పడతారు, నా దగ్గర తాడుందని చుట్టూ పది గుంపులకు తెలుసు. సింగర్‌కి ఈ ఇబ్బంది తెలియదని కాదు. ఆయన వాదన పోయేదే అక్కడికి. ఇచ్చేకొద్దీ, పోగొట్టుకునేది కూడా అంతే విలువైనదయ్యేదాకా ఇస్తూ ఉండమంటాడు. నేను అక్కడిదాకా పోయి ఆగానా? లేదు. దుప్పటి దగ్గరే ఆగాను.

ఒక స్నేహితుడు అన్నాడు, "నువ్వు బండి కొన్నావు, బాధ్యత కొనలేదు" అని. పక్కింటాయనకు సైకిల్ ఉంది, ఆయన హాయిగా పడుకున్నాడు, ఆయన్ని ఎవరూ తప్పుపట్టరు. బండి కొన్నందుకు నేను చెడ్డవాణ్ణయ్యానా? మాట బాగుంది. కానీ ఆ బండి ఎలా నిలబడిందో చూస్తే అంత సులువుగా తెగదు. దాని కిస్తీలు కట్టింది ఆ గుంపుల పత్తి కిరాయితో. రెండుసార్లు వాగులో దిగబడితే మోకాలి లోతు నీళ్లలో నిలబడి తోసింది వాళ్లే, డబ్బులడగలేదు. ఆర్సీలో నా పేరుంది, నిజమే. ఆ తోసిన చేతులు ఆర్సీలో రాయరు.

ఇంకా వెనక్కి పోవచ్చు. ఇల్లందు చుట్టుపక్కల బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. ఊరి పాత పేరే బొగ్గుట్ట. నాన్న పింఛనూ, మా చదువులూ, ఈ బండీ, అన్నీ ఈ అడవి నేల కిందినుంచి వచ్చినవే. ఈ లైనులో ఆలోచిస్తూ ఒక రాత్రంతా గడిపాను. తెల్లారేసరికి అనుమానం వచ్చింది. నూట ముప్ఫై ఏళ్ల చరిత్రను నెత్తిన పెట్టుకోవడం ఒక రకంగా సుఖంగానే ఉంది. అంత పెద్ద నేరంలో "హీటర్ ప్లగ్గులు పోయినై" అన్న చిన్న మాట కనబడకుండా పోతుంది.

ఆ రాత్రి ఏమైందో చెప్పలేదు కదా. వాడు పక్క ఊరికి పోయి ట్రాక్టర్ తీయించాడు. ట్రక్కులో గడ్డి పరిచి ఆమెను పడుకోబెట్టి తీసుకుపోయారు. అదీ చట్టవిరుద్ధమే. ఆ ట్రాక్టరాయన సెక్షన్లేవీ చూసుకోలేదు. తెల్లారేసరికి ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

"ఏం కాలేదుగా, ఇంకెందుకు బాధ?" అన్నాడు అదే స్నేహితుడు. బెర్నార్డ్ విలియమ్స్ 1976లో నైతిక అదృష్టం మీద రాసిన వ్యాసంలో ఒక లారీ డ్రైవర్ వస్తాడు. తన తప్పేమీ లేకుండానే అతని లారీ కింద ఒక పిల్ల పడిపోతుంది. నీ తప్పు కాదయ్యా అని అందరూ ఓదారుస్తారు, ఓదార్చాలి కూడా. కానీ అతను వెంటనే "అవును, నా తప్పు కాదు" అని టీ తాగడానికి పోతే, మనకు ఆ మనిషి మీద ఏదో అనుమానం పుడుతుంది. నాది దానికి తిరగేసిన కథ. తప్పు ఉంది, దెబ్బ ఎవరికీ తగల్లేదు. డ్రైవర్‌కి ఓదార్పు దొరుకుతుంది. నాకు దొరికేది "ఏం కాలేదుగా". ట్రాక్టర్ దొరక్కపోయి ఉంటే గుమ్మంలో నేనన్న మాటలు, అక్షరం మారకుండా, వేరేవి అయ్యేవి. అవి ఏమయ్యేవో ఆ రాత్రి నిర్ణయించింది నేను కాదు, పక్క ఊళ్లో ఒకాయన మెలకువ.

వాడికి నిజం చెప్పేయొచ్చు. చెప్పలేదు. పిరికితనం కొంత. ఇంకోటి కూడా ఉంది. చెబితే వాడు "పర్లేదన్నా" అనాలి. అనక తప్పదు, రేపు మళ్లీ నా బండి కావాలి, పత్తి ఎత్తే పని కావాలి. క్షమించకుండా ఉండే వీలు లేనివాడి దగ్గరికి పోయి క్షమించమనడం వాడి చేత ఇంకో పని చేయించుకోవడమే. అలా అనుకుంటాను. ఇది కూడా ఒక హీటర్ ప్లగ్గేమో, తెలియదు.

ఆ తర్వాత రాత్రిపూట తలుపు చప్పుడు తగ్గింది. అడిగినవాళ్లకు బండి తీశాను, ఇద్దరికి. వాడి గుంపు నుంచి మాత్రం ఎవరూ రాలేదు.

మొన్న జూలైలో ముసురు. పొద్దున్నే కబురొచ్చింది, ఆ ట్రాక్టరే వాగు గట్టున దిగబడిందని, లాగాలని. పోయాను. తాడు కట్టి, మొదటి గేరులో మెల్లగా పట్టాను. టైర్లు జారాయి, మళ్లీ పట్టాను. వెనక నలుగురు తోస్తున్నారు, అద్దంలో చూస్తే వాడూ ఉన్నాడు. గట్టు మీద ఒకామె చంకలో ఏడాదిన్నర పిల్ల, చప్పుడుకి చెవులు మూసుకుని. మూడోసారికి ట్రాక్టర్ కదిలింది.

ట్రాక్టరాయన రెండొందలు తీశాడు, వద్దన్నాను. వాడు చేతుల బురద గడ్డికి తుడుచుకుని, తాడు విప్పి, చుట్ట చుట్టి తెచ్చి నా సీటు పక్కన పెట్టాడు. బానెట్ మీద అరచెయ్యి వేసి చూశాడు.

"మంచిగ ఎత్తుకున్నది అన్నా ఇయ్యాల" అన్నాడు. "చలి లేదుగా."

నవ్వాడా లేదా అన్నది వానలో తెలియలేదు.