జీర్ణవాహనోద్ధారము

పాడైన వస్తువును బాగుచేయుట మంచిపని యని యెల్లరు నొప్పుకొందురు. చిరిగిన పుస్తకమునకు అట్ట వేయించినను, ఒరిగిన గోడను నిలిపినను మనము సంతోషింతుము. అయితే బాగుచేయుట యెంతవరకు బాగుచేయుట, ఎచ్చటనుండి క్రొత్తదానిని చేయుట? పాతదానిలో దేనిని నిలుపవలెను, దేనిని కోసి పారవేయవలెను? అట్లు చేసిన పిదప దానిని పాతపేరుతోనే పిలుచుట సత్యమా, అసత్యమా? ఈ ప్రశ్నలు తర్కమునకు మాత్రమే చెందినవి కావు, ధర్మమునకును చెందినవి. వీనిని విచారించుటకు మేము ఇంగ్లండునందలి ఒక వేడుకను ఉదాహరణముగా గైకొనుచున్నాము. తత్త్వవిచారమునకు మోటారుకారు తగునా యని చదువరులు నవ్వకుందురు గాక. మన పూర్వులు కుండను, వస్త్రమును, రథమును పట్టుకొనియే గొప్ప విచారములు చేసిరి.

ఆ దేశమున అనేకులు గృహస్థులు శిథిలమైన పాత స్పోర్ట్సుకారు నొకదానిని కొని, ఇంటిప్రక్క షెడ్డులో పెట్టుకొని, సెలవుదినములయందు తమ చేతులతోనే దానిని బాగుచేసికొనుచుందురు. వీరికి మిక్కిలి ప్రియమైన వానిలో ఎమ్.జీ.బీ. యను కారొకటి. ఇది 1962 మొదలు 1980 వరకు ఆబింగ్డన్ పట్టణమున తయారైనది. మొత్తము 5 లక్షలకు పైగా చేసిరి. దాని యింజను నాలుగు సిలిండర్లది, 1798 ఘన సెంటీమీటర్లది. యంత్రము సరళమైనది, విడిభాగములు నేటికిని దొరకును. కావున ఉద్యోగియో, ఉపాధ్యాయుడో కొంత ఓపిక పట్టి నేర్చుకొన్నచో ఇంజను విప్పి మరల బిగింపగలడు.

కాని ఇంజను విప్పుట ఇందు కష్టతరమైన పని కాదు. ఈ కారునకు ప్రత్యేకముగా చాసీ లేదు. రేకుదేహమే బరువు మోయును. తలుపుల క్రింద ముందునుండి వెనుకకు పోవు పెట్టెవంటి దూలములు రెండు కలవు. వానిని సిల్లు లందురు. పైకప్పు లేని కారులో దేహము వంగకుండ నిలుపునవి ముఖ్యముగా నివియే. ఇవి లోపల బోలుగా నుండును. చక్రములు చిమ్మిన బురదయు నీరును వీనిలో చేరి నిలుచును. చలికాలమున మంచు కరగుటకై ఆ దేశపు బాటలపై చల్లు ఉప్పు దానికి తోడగును. ఇనుము లోపలినుండి తుప్పు పట్టును. రంగు వేసిన పైభాగము నిగనిగలాడుచుండగనే లోపల దూలము పొడియై రాలిపోవచ్చును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును. అందుచేత పైరంగు బొబ్బలెత్తును. అట్టి బొబ్బ కనబడు నాటికి లోని చేటు చాలదూరము పోయి యుండును.

దీనిని బాగుచేయుటకు రెండు మార్గములు కలవు. ఒకటి, తలుపుసందులకు అడ్డుకమ్ములు వెల్డింగు చేసి, దేహము వంగకుండ కట్టి, ఒక్కొక్క ప్రక్కనే కోసి, మంచి లోహము కనబడువరకు తుప్పునంతయు తీసివేసి, క్రొత్త రేకులను పొరపొరగా అతుకుట. ఇందుకు నెలలు పట్టును. రెండవది, కుళ్లిన సిల్లును అట్లే యుంచి, దానిమీద క్రొత్త రేకు నొకదానిని కప్పి, అంచులు అతికి, పుట్టీ పూసి, రంగు వేయుట. ఇది రెండుదినముల పని. పూర్తియైన పిదప చూచువానికి ఈ రెంటికిని భేదము కనబడదు. కనబడకపోవుటయే ఇచ్చటి ధర్మసంకటము.

దీనిని తేల్చుటకు ముందు మొదటి ప్రశ్నను చూతము. సిల్లులు మారినవి, నేల రేకులు మారినవి, చక్రములు, సీట్లు, తీగెలు మారినవి. 1988 నుండి ఈ కారునకు పూర్తిదేహమునే పాత అచ్చులతో క్రొత్తగా చేసి యమ్ముచున్నారు. అట్టి దేహమును దెచ్చి పాత ఇంజనును అందు బిగించినచో అది పాతకారేనా?

మిలిందపఞ్హయందు నాగసేనుడు రథమెక్కి వచ్చిన రాజును ఇట్టి ప్రశ్నయే యడుగును: నొగ రథమా, ఇరుసు రథమా, చక్రములు రథమా, వీని కన్నిటికిని వేరుగా రథమొకటి కలదా? ఆ యంగముల నాశ్రయించి రథమను పేరు వ్యవహారమున నిలుచుచున్నదని తేలును. నైయాయికు లీ మాట నొప్పరు. అవయవములకంటె వేరుగా అవయవి కలదని వారి మతము. అయినను వారును, వస్త్రమునుండి ఒక దారము తీసినచో పూర్వవస్త్రము నశించి ఖండపటమను వేరొకటి పుట్టుననిరి. ఇట్లు ఒకరు పేరే నిలుచునందురు. ఇంకొకరు దారము పోయినంతనే వస్తువు మారునందురు. షెడ్డులో నూనెచేతులతో నిలిచిన గృహస్థుని కీ రెండు మతములలో నేదియు తిన్నగా దారి చూపదు.

ప్రభుత్వములకు మాత్రము ఏదో యొక నిర్ణయము తప్పదు. బ్రిటనునందలి వాహనాధికారులు చిరకాలము ఒక లెక్క ననుసరించిరి. మార్పు పొందని దేహమునకు, లేదా అదే మాదిరి క్రొత్త దేహమునకు 5 అంకెలు. సస్పెన్షనునకు 2, ఇరుసులకు 2, గేరుపెట్టె మొదలగు వానికి 2, స్టీరింగునకు 2, ఇంజనునకు 1. మొత్తము 14లో 8 వచ్చినచో పాత నెంబరు నిలుచును. కారునకు గుండె యని మనము తలచు ఇంజనునకు ఒక్కటే యంకె! వ్యవహారమునకు ఏదో కొలత కావలెను గనుక దానిని తప్పుపట్టము. కాని ఆత్మను కూడికలతో కొలువజాలమని అది చెప్పకయే చెప్పుచున్నది.

1990లో లండను న్యాయస్థానమున ఈ ప్రశ్న నిజముగనే విచారణకు వచ్చినది. ‘ఓల్డ్ నెంబర్ వన్’ అను బెంట్లీ కారు 1929, 1930 సంవత్సరములలో ఫ్రాన్సునందలి ల మాన్ పందెమును గెలిచినది. తరువాత దాని యింజను మారినది, చాసీ మారినది. 1932లో బ్రూక్లండ్సు పందెమున అది ప్రమాదమునకు లోనై నడపువాడు మరణించెను. పిమ్మట దానిని మరల కట్టి వేరొక దేహమును తొడిగిరి. కోటి పౌండ్లకు దానిని కొన నొప్పుకొన్నవారు, ఇది పందెము గెలిచిన కారు కాదని వెనుదీసిరి. పందెము గెలిచిననాటి భాగములు మిక్కిలి తక్కువగనే మిగిలెనని న్యాయమూర్తి గ్రహించెను. అయినను దాని చరిత్ర ఎచ్చటను తెగలేదు గనుక ఆ పేరు దానికే చెల్లునని తీర్పు చెప్పెను.

ఈ తీర్పునకు ప్రక్కన ఇంకొక యుదాహరణమును పెట్టి చూడవలెను. జాగ్వారు కంపెనీ 1963లో పందెములకై తేలిక కార్లను 18 చేయ సంకల్పించి 12 మాత్రమే చేసెను. మిగిలిన ఆరింటిని పాతకొలతల ప్రకారము పూర్తిచేయుదుమని 2014లో ప్రకటించి అట్లే చేసెను. ఇచ్చట రూపము సరిపోయినది, సంకల్పించిన నెంబర్లును సరిపోయినవి. లేనిది గడచిన అర్ధశతాబ్దపు జీవితము మాత్రమే. అక్కడ భాగములు లేవు, చరిత్ర కలదు. ఇక్కడ భాగములు కలవు, చరిత్ర లేదు. అయినను ఈ కంపెనీ ఇవి నేడు చేసినవని చాటిచెప్పినది గనుక ఇందును అసత్యము లేదు.

దీనినిబట్టి మాకు తోచుచున్నది ఇది: పాతవస్తువు యొక్క అభేదము దాని లోహమునందు లేదు, దానిని గురించి మనము చెప్పు వృత్తాంతము తెగకుండుటయందును, సత్యమై యుండుటయందును కలదు. పేరు కేవలము వ్యవహారమేయైనచో అసత్యమునకు దోషము తగ్గునని కొందరనుకొందురు. మా యభిప్రాయమున దోషము హెచ్చును. వ్యవహారము ఒకరి మాటను ఒకరు నమ్ముటచేతనే నిలుచును. నమ్మిక పోయినచో ఆ పేరు నిలుచుటకు వేరొక యాధారము లేదు. ఒక కుళ్లిన కారునుండి నెంబరురేకును పెరికి వేరొక దేహమునకు బిగించువాడు మంచి లోహమునే వాడియుండవచ్చును. అయినను అతడు లేని చరిత్రను అమ్ముచున్నాడు. కావున ఉద్ధరించువాని మొదటి ధర్మము ఏమి మార్చితినో, ఎప్పుడు మార్చితినో వ్రాసి, ఛాయాచిత్రములతో కారుతోపాటు ఉంచుట.

అయితే అన్నియు మార్చి వ్రాసిపెట్టిన చాలునా? చాలదు. కొందరు అతిశ్రద్ధచే కారును అది ఫ్యాక్టరీనుండి వెలువడిననాటికంటెను మిన్నగా మెరయజేయుదురు. మడమల క్రింద అరిగిన తివాచీ, చేతులు పట్టి నునుపెక్కిన స్టీరింగు చక్రము, ఎండకు వెలిసిన తోలు, ఇవన్నియు తొలగిపోవును. ఇచ్చట మేమొక వివేకమును కోరుచున్నాము. అరుగుదల వేరు, తుప్పు వేరు. అరుగుదల సేవవలన గలిగినది. తుప్పు ఉపేక్షవలన గలిగినది. మొదటిది గౌరవింపదగినది, రెండవది కోయదగినది. అరుగుదలయైనను ప్రాణమునకు హాని చేయునదైనచో, బ్రేకులయందువలె, దానిని మార్చియే తీరవలెను.

ఇక కప్పుడురేకు సంగతి. “నేను దీనిని ఎవరికిని అమ్మబోవుటలేదు, ఎట్లు చేసికొన్న నెవరికేమి?” యని యొకడనవచ్చును. కాని ఆ కారులో ప్రక్కన కూర్చుండునది అతని భార్యయో, బిడ్డయో. ఎదురుగా వచ్చునది పరుల బిడ్డ. బండి దేనినైన ఢీకొన్న క్షణమున ఆ సిల్లు రంగును అడుగదు, బలము నడుగును. పైగా మనుష్యుడు శాశ్వతుడు కాడు. కారు ఒకనాడు ఇతరుల చేతికి పోవును. ఎవ్వరు చూడని చోట చేసిన పనియే మనుష్యుని శీలమునకు కొలత. పుట్టీ క్రింద దాచినది లోకమునకు కనబడదు గాని దాచినవానికి ప్రతిదినము కనబడుచునే యుండును.

ఇంటిలోని వారి పక్షమునను ఒకమాట చెప్పవలెను. షెడ్డులో నొకడు ఆదివారమంతయు తన యానందమును తాను చూచుకొనుచుండగా వంటయిల్లును, పిల్లల పాఠములును ఒక్కర్తె మోసినచో ఆ యుద్ధారము పరుల శ్రమపై జరిగినది. ధనమును కాలమును ఎంత వెచ్చించుట యనునది ఇద్దరు కూర్చుండి నిశ్చయింపవలసిన విషయము. కొమార్తెకును రెంచి పట్టుట నేర్పవలెను. ఆ కాలపు కార్ల బ్రేకుపట్టీలలో ఆస్బెస్టాసును, పాతరంగులలో సీసమును ఉండవచ్చును గనుక ఆ ధూళిని పసివారున్న యింట రేపరాదు. ఇన్ని జాగ్రత్తలు గలవాని వేడుకను మేము మెచ్చుకొందుము. చదువుకొన్నవాడు చేతిపనిని చిన్నతనముగా నెంచు దురాచారము మన దేశమున నింకను పూర్తిగా పోలేదు. తన చేతితో ఇనుము నతికినవాడు టింకరింగు పనివానిని మరి యెన్నడును ‘ఓరీ’ యని పిలువజాలడు.

ఈ విచారము కారుతో ముగియునది కాదు. మనకు పూర్వులనుండి వచ్చిన ఇల్లు, భాష, ఆచారము, వివాహపద్ధతి అన్నియు నిట్టి జీర్ణవాహనములే. కొందరు వానిని తాకరాదందురు. లోపల దూలము పొడియగుచున్నను పైరంగును చూచి మురియుదురు. కొందరు మొత్తమును తుక్కునకు తూచి యమ్ముదమందురు. వీరిద్దరికంటె అపాయకరులు మూడవవారు. వీరు కుళ్లుపై క్రొత్తరేకు కప్పుదురు: కట్నమును కానుక యందురు, కులభేదమును సంప్రదాయమందురు, రంగు వేసి సంస్కరించితిమందురు. సంస్కర్త చేయవలసినది ముందు అడ్డుకమ్ములు కట్టి దేహము కూలకుండ నిలుపుట. పిదప మంచి లోహము తగులువరకు నిర్మొగమోటముగా కోయుట. సేవవలన అరిగినదానిని మన్నించి యుంచుట. చేసిన మార్పును మార్పనియే చెప్పుట. పాతది నిలిచినదని చెప్పుకొనుటకు ఇంతకంటె న్యాయమైన మార్గము మాకు కనబడుటలేదు.