నిండుకున్న రోజు

మన ఇళ్ళలో బియ్యం అయిపోతే అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. దేవుడి దగ్గర దీపం ఆరితే కొండెక్కిందంటారు. గుమ్మం దాటుతూ ‘వెళ్తానమ్మా’ అంటే, ‘వెళ్ళొస్తానను నాయనా’ అని లోపలి నుంచి పెద్దవాళ్ళు దిద్దుతారు. చాలాకాలం వీటిని మాట మర్యాదలుగానే చూశాను. ముగింపును ఎలా స్వీకరించాలో మన పెద్దలు ఈ మూడు మాటల్లో దాచి ఇచ్చారని కంబోడియా యాత్ర చివరి రోజున అర్థమైంది.

సియం రీప్‌లో దిగి, ఆలయాలు చూడటానికి మూడు రోజుల పాసు తీసుకున్నాను. మొదటి రెండు రోజులూ పరుగే. బాయన్ గోపురాల మీద చిరునవ్వు చిందించే రాతి ముఖాలు, తా ప్రోమ్‌లో గోడలను వేళ్ళతో పెనవేసుకున్న మహావృక్షాలు అన్నీ ఫోన్‌లోకి ఎక్కాయి. ఎక్కడా ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోలేదు. మూడో రోజు రాత్రి విమానం. ఆ ఉదయం లేచినప్పటి నుంచీ ఒకటే ఆత్రం. చూడనివి ఎన్ని, కొననివి ఎన్ని, ఇంకా ఎన్ని గంటలున్నాయి అని లెక్కలు. టుక్‌టుక్ నడిపే అబ్బాయి నెమ్మదిగా పోతున్నాడని విసుక్కున్నాను కూడా. ఆ విసుగుతోనే మధ్యాహ్నం దాటాక మరోసారి ఆంగ్‌కోర్ వాట్ చేరాను.

క్రీ.శ. 1113లో గద్దెనెక్కిన ఖ్మేర్ రాజు రెండో సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఆలయమది. మన గుళ్ళు ఎక్కువగా తూర్పును చూస్తాయి. ఇది పొద్దు గుంకే పడమరను చూస్తుంది. చుట్టుమండపం గోడల మీద చెక్కిన కథలను వరసగా చూస్తూ పోతే గర్భగుడి మనకు ఎడమ చేతి వైపు ఉంటుంది. అంటే అప్రదక్షిణం. మనం అలా తిరిగేది అపరకర్మల్లోనే. అందుకే రాజు మరణానంతరాన్ని కూడా తలచుకుని ఈ ఆలయం కట్టారని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. దక్షిణం గోడ మీద రాజు కొలువూ ఊరేగింపూ ఉన్నాయి. అక్కడి చిన్న శాసనంలో ఆయన పేరు ‘పరమవిష్ణులోక’ అని ఉంది. గతించిన తరవాత ఆయనకు పెట్టిన పేరది. పోయాడని కాదు, విష్ణులోకం చేరాడని. ఖ్మేరు శిల్పి ఉలికీ మన అమ్మమ్మల నోటికీ ఒకే సంస్కారం ఎలా అబ్బిందా అని ఆశ్చర్యపోయాను.

పడమటి మండపంలో దాదాపు 49 మీటర్ల పొడవున కురుక్షేత్రం ఉంది. రథాలు, ఏనుగులు, ఒకరి మీద ఒకరు పడుతున్న సైనికులు. ఆ హోరు మధ్య పైవరసలో అంపశయ్య మీద భీష్ముడు పడుకుని ఉన్నాడు. మొదటి రోజు ఆ గోడను దాటుకుంటూ వెళ్ళినవాణ్ణే. అయినా ఆయన నా కంట పడలేదు. ఇప్పుడు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

భీష్ముడికి తండ్రి వరం వల్ల ఇచ్ఛామరణం ఉంది. ఉత్తరాయణం కోసం ఆగాడు. భారతం లెక్కన అంపశయ్య మీద 58 రాత్రులు గడిచాయి. వెళ్ళిపోయే రోజు తెలిసిన మనిషి, మిగిలిన సమయాన్ని ఏం చేసుకున్నాడు? తనకోసం ఏదీ కూడబెట్టుకోలేదు. ధర్మరాజును దగ్గర కూర్చోబెట్టుకుని, అడిగిన ప్రతి సందేహాన్నీ తీర్చాడు. రాజధర్మం చెప్పాడు, దానధర్మం చెప్పాడు, విష్ణువు వేయి నామాలు చెప్పాడు. గెలిచిన యుద్ధాలకన్నా, కదల్లేక పడుకున్న ఆ రోజులే మనకు ఎక్కువ ఇచ్చాయి. మాఘ శుద్ధ ఏకాదశినాడు మన ఊళ్ళలో వినిపించే సహస్రనామ పారాయణ ఆ చివరి రోజుల ప్రసాదమే.

అక్కడే ఒక రాతి మెట్టు మీద కూర్చున్నాను. ఇంట్లో చేసుకునే పూజ గుర్తుకొచ్చింది. ఆవాహనతో దేవుణ్ణి పిలుస్తాం. ఆసనం వేస్తాం, కాళ్ళు కడుగుతాం, నైవేద్యం పెడతాం. చివర మంత్రంలో, క్రియలో, భక్తిలో లోపముంటే మన్నించమంటాం. ఆపైన ఉద్వాసన చెబుతాం. ఈ రోజుల్లో పేపర్లో ఉద్వాసన అనే మాట కనబడితే ఎవరినో పదవి నుంచి తీసేశారని అర్థం. పూజలో మాత్రం, మళ్ళీ రమ్మని కోరుకుంటూ సగౌరవంగా సాగనంపడం. వినాయక చవితి విగ్రహాన్ని ఆ ఉద్వాసన చెప్పాకే నీళ్ళకు అప్పగిస్తాం. పిలవడం తెలిసి పంపడం తెలియని పూజ సగం పూజే.

నేను ఈ నేలను ఎంతో ఆశగా పిలుచుకున్నాను. పంపడం మాత్రం నేర్చుకోలేదు. ఫోన్ సంచిలో పెట్టేసి, కళ్ళు మూసుకుని, మొదట మన్నించమన్నాను. చూడకుండానే దాటిపోయిన శిల్పాలను, ఉదయం కసురుకున్న ఆ అబ్బాయిని. తరవాత కులెన్ కొండల నుంచి ఈ రాయిని తెచ్చిన చేతులను తలచుకున్నాను. ఇది బౌద్ధక్షేత్రంగా మారాక తరతరాలుగా దీపం పెడుతూ వచ్చిన భిక్షువులను తలచుకున్నాను. గుండెలో పొద్దుటి ఆత్రం లేదు.

బయటికి వస్తూ పడమటి గోపురంలో ఆగాను. అక్కడ నిలువెత్తుకు మించిన ఎనిమిది చేతుల విష్ణుమూర్తి ఉంది. స్థానికులు ‘తా రీచ్’ అంటారు. ఈనాటికీ పూజలందుకునే మూర్తి. ఒక ముసలమ్మ అగరువత్తులు వెలిగించి, చేతులు తలదాకా ఎత్తి మొక్కింది. పక్కన నిలబడి నేనూ మొక్కాను. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. మొక్కు మాత్రం ఒకటే.

కందకం మీది రాతి బాటలో నడుస్తుంటే పొద్దు నేరుగా నా ముఖం మీద పడుతోంది. వెనక్కి తిరిగితే అదే వెలుగులో గోపురాలు పసిడి రంగుకు తిరిగాయి. తెల్లవారుజామున జనం కిటకిటలాడుతూ చూసేది ఈ గోపురాల నీడరూపాన్నే. వాటి ముఖాన వెలుగు పడేది మాత్రం సాయంత్రమే.

ఆ అబ్బాయి చల్లటి నీళ్ళ సీసాతో ఎదురొచ్చాడు. విమానాశ్రయంలో దిగాక పొద్దుటి మాటకు క్షమించమన్నాను. రెండు చేతులూ జోడించాడు. ఖ్మేరులు దాన్ని సంపియా అంటారు. కలిసినప్పుడూ అదే, విడిపోయేటప్పుడూ అదే, మన నమస్కారంలాగే. నేనూ చేతులు జోడించి తెలుగులోనే చెప్పాను, వెళ్ళొస్తానని.

చివరి రోజు విదేశంలోనే రానక్కర్లేదు. కాలేజీ హాస్టల్ ఖాళీ చేసే రోజు, ఉద్యోగ విరమణ రోజు, ఏళ్ళు గడిపిన అద్దె ఇల్లు విడిచే రోజు మనందరికీ ఉన్నాయి. ఆ రోజును సామాన్లు సర్దడానికే ఇచ్చేయకండి. ఒక్క అరగంట దాచుకోండి. నొప్పించిన వాళ్ళను మన్నించమని అడగండి. ఆదుకున్న వాళ్ళను పేరు పేరునా తలచుకోండి. తరవాత ఆ గోడలకు ఒక నమస్కారం పెట్టి, వెళ్ళొస్తానని చెప్పి తలుపు వేయండి.