ముందు సీటు

మా అపార్టుమెంటు సెల్లారులో కుడివైపు చివర, నీళ్ల మోటారు పక్కన ఒక మారుతి 800 ఉంటుంది. 1996లో కొన్నాను. ఏపీ 16 నంబరు. అప్పుడది తెలుపు, ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. పదిహేనేళ్లు నిండాక 2011లో ఒకసారి, ఆపైన ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వచ్చాను. ఈ 2026లో మళ్లీ గడువొచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఈ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచింది. దానిపైన గ్రీన్ టాక్సు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ కోసం చేయించాల్సిన రిపేర్లు. మా తమ్ముడి కొడుకు లెక్కంతా కాగితం మీద వేసి, "బండి విలువకంటే దాన్ని బతికించే ఖర్చే ఎక్కువత్తా, ఇంక తీసేయ్" అన్నాడు.

ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగినందుకు సిగ్గేసింది కూడా. ముప్పై ఏళ్లు క్లాసుల్లో సరుకు గురించీ, సరుకు మీద మనిషి పెంచుకునే భ్రమ గురించీ పాఠాలు చెప్పినదాన్ని. వస్తువులకి ధర ఉంటుందనీ, ధరకి అతీతమైన గౌరవం మనుషులకే ఉంటుందనీ కాంట్ 1785లో రాసిన మాట పిల్లల చేత ఎన్నిసార్లు చదివించానో. మరి ఈ రేకుల డబ్బాకి నేనేం బాకీ ఉన్నాను? ఒక వస్తువుకి మనిషి రుణపడి ఉండటం అనేది అసలు సాధ్యమా?

సులువైన జవాబొకటి నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఇది వస్తువు కాదు, నా స్వేచ్ఛ అని. విజయవాడ నుంచి కంకిపాడు మీదుగా గుడివాడ కాలేజీకి ఏళ్ల తరబడి బస్సులో తిరిగాను. కిక్కిరిసిన బస్సులో ఆడవాళ్ల వీపులకీ, భుజాలకీ ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. సాయంత్రం మీటింగు అంటే ఆఖరి బస్సు భయం. సభలో మాట్లాడుతున్నా సగం మనసు గడియారం మీదే. అందుకే కారు కొన్నాను. దాదాపు రెండు లక్షలు. కొంత బ్యాంకు అప్పు, మిగతాది అమ్మ గాజులు కుదవబెట్టి తెచ్చింది. "ఆడదానికి కారెందుకు, మంచి సంబంధం చూసుకోక" అన్నవాళ్లకి అమ్మ జవాబు చెప్పలేదు. గాజులు తీసి ఇచ్చింది.

నాన్న ఉన్నన్నాళ్లూ అమ్మ స్కూటరు వెనక ఒకవైపుగా కూర్చునే ప్రయాణించింది. అద్దె కారెక్కితే వెనక సీటు. నా కారులో మొదటిరోజు కూడా వెనక తలుపే తీయబోయింది. నేను ముందు తలుపు తెరిచాను. కాసేపు తటపటాయించి కూర్చుంది. ఎదురుగా రోడ్డంతా కనిపిస్తుంటే, "ఇన్నాళ్లూ నాకు రోడ్డు పక్కనుంచి పోవడమే తెలుసే, ఎదురొస్తుందని తెలీదు" అంది.

అమ్మ తన కథ చెప్పింది ఆ సీట్లోనే. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, ఏదో ఒక పని ఉంటుంది. కారులో ఇద్దరమూ రోడ్డే చూస్తాం, మొహాలు చూసుకోం. అలాంటప్పుడు మాట దానంతటదే బయటికొస్తుంది. పద్దెనిమిదేళ్లప్పుడు తనకి టీచరు ట్రైనింగులో సీటొచ్చిందనీ, ఆ ఉత్తరాన్ని తాతయ్య నెల్లాళ్లు పెట్టెలో దాచి, గడువు దాటాక ఇచ్చాడనీ కంకిపాడు దాటాక చెప్పింది. గుడివాడ వచ్చేసరికి "పోనీలే, పాత సంగతి" అని ముగించింది. ఇంట్లో ఆ మాట మళ్లీ ఎత్తలేదు. 2019లో అమ్మ పోయింది. కారుని తీసేస్తే ఆ మాట చెప్పిన చోటు కూడా పోతుందన్నది నా భయం.

కానీ ఆ చోటు ఇప్పటికీ ఉందా? మిలిందపన్హలో నాగసేనుడు రాజుని అడిగిన ప్రశ్న ఇలాంటిదే. నువ్వు రథమెక్కి వచ్చానంటున్నావు, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటీ అడుగుతాడు. ఏదీ కాదు. అన్నీ ఒకచోట చేరినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం. మా ఆటోనగర్ మెకానిక్కు ఆ గ్రంథం చదవకపోయినా ఆ సంగతి తెలుసు. ఇంజను రెండుసార్లు విప్పి కట్టాడు. ఎడమ తలుపు వేరే బండిది. గేరుబాక్సు ఇంకో బండిది. అమ్మ కూర్చున్న సీటుని 2009లో నేనే మార్పించాను, స్ప్రింగులు పోయాయని. అప్పుడు నాకేమీ అనిపించలేదు, అమ్మ బతికే ఉంది గనక. ఇప్పుడు నేను తడుముకుంటున్న సీటులో కథ చెప్పిన అమ్మ ఎన్నడూ కూర్చోలేదు.

ఇంతదాకా అయితే ఇది జ్ఞాపకం గురించిన వ్యాసమయ్యేది. అమ్మ మాటని మనసులో దాచుకుని బండిని సాగనంపి ఉండేదాన్ని. అయితే నా ఊగిసలాట చూసి, మా ఇంట్లో పాతికేళ్లుగా పనిచేస్తున్న ఆమె ఒకరోజు గిన్నెలు తోముతూ అంది, "ఆ కారులో నేనూ ఎక్కానమ్మగారూ ఒకసారి."

నాకూ గుర్తుంది. 2007లో ఒక రాత్రి ఆమె కూతురికి నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాను. నా కారు చేసిన మంచిపనుల జాబితాలో అది పైనే ఉంటుంది. ఒకటి రెండు ఉపన్యాసాల్లో కూడా వాడుకున్నాను, స్టీరింగు ఆడవాళ్ల చేతిలో ఉంటే ఏం జరుగుతుందో చూడండని.

"సీటు మీద పాత దుప్పటి పరిచారు కదా, రబ్బరు షీటు కూడా వేశారు. అదెక్కడుందో వెతకడానికే పావుగంట పట్టింది. పిల్ల మెట్ల మీద మెలికలు తిరిగిపోతోంది" అని నవ్వింది. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఆ రాత్రి ఎవరికైనా గుర్తొచ్చే సంగతే చెప్పినట్టు చెప్పింది.

దుప్పటి నాకు గుర్తులేదు. పావుగంట అసలే గుర్తులేదు. ఇంకోటి ఆమె చెప్పలేదు, నాకే తట్టింది. ఆ రాత్రి ముందు సీటు ఖాళీగా ఉంది. తల్లీ కూతుళ్లిద్దరూ వెనకే ఇరుక్కున్నారు. కూతురి పక్కన తల్లి ఉండాలి కదా అని నాకు నేను చెప్పుకోవచ్చు. కానీ తిరుగు ప్రయాణంలో ఆమె ఒక్కతే. అప్పుడూ వెనకే కూర్చుంది. రామ్మా, ముందు కూర్చో అని నేననలేదు. పాతికేళ్లుగా ఆమె నన్ను 'మీరు' అంటుంది, నేను 'నువ్వు' అంటాను. కారులోనూ మా ఇద్దరి మధ్య అంతే దూరం ఉంది.

నాగసేనుడు రథాన్ని భాగాలుగా విడదీశాడు గానీ, అందులో ఎవరు ఎక్కడ కూర్చుంటారని అడగలేదు. నేనూ అడగలేదు. స్త్రీకి తనదైన గది కావాలని వర్జీనియా ఊల్ఫ్ 1929లో రాసింది. నా గదికి నాలుగు చక్రాలున్నాయని మురిసిపోయాను. గది అన్నాక తలుపుంటుంది. ఆ తలుపు ఎవరికి ముందు తెరిచాను, ఎవరికి వెనక తెరిచాను అన్న లెక్క కూడా నాదే.

లెక్క అక్కడితో ఆగదు. ఇది కార్బ్యురేటర్ బండి. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకి కెటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడు విజయవాడ ఆ జాబితాలో లేదు. దీనికది లేదు. పొగలోని విషం వడపోత లేకుండా బయటికి పోతుంది. నేను అద్దాలు ఎత్తుకుని కూర్చుంటాను. ఆ పొగ బెంజి సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడినవాళ్లు పీలుస్తారు. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగను కదా, కొత్త కారు తయారీకి పోయే ఇనుమూ, కరెంటూ దీనికంటే ఎక్కువ కదా అని వాదించుకున్నాను. వాదన తప్పేమీ కాదు. కానీ నాకు కొత్త కారు కొనే ఉద్దేశం లేదు. కొననిదాన్ని అడ్డం పెట్టుకుని ఉన్నదాన్ని సమర్థించుకోవడం నిజాయితీ కాదు.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అప్పటినుంచి ఆమె పామర్రులో ఉన్న కూతురి దగ్గరికి తరచుగా వెళ్లొస్తోంది. ఇదివరకు పండక్కే వెళ్లేది. బస్సు రద్దీ పోలేదు, ఆ చేతులూ పోలేదు. అయినా నలుగురిదీ అయిన స్వేచ్ఛకీ, గాజులు కుదువబెట్టి కొనుక్కున్న స్వేచ్ఛకీ తేడా తెలుస్తోంది. నాది అబద్ధం కాదు, ఒక్కదానికే సరిపోయేది.

కాబట్టి నా మొదటి ప్రశ్నకి జవాబు ఇదనుకుంటున్నాను. వస్తువుకి మనం రుణపడం. దానిలో జరిగినదానికి రుణపడతాం. అందులో మనకి గౌరవం తెచ్చేదే కాక, మనం మరిచిపోయిందీ ఉంటుంది. కారుని సెల్లారులో నిలబెట్టుకుంటే రుణం తీరదు, తీర్చినట్టు ఉంటుందంతే. అమ్మ ఉత్తరం కథని ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు. కారుంది కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. దుప్పటి సంగతి కూడా ఆమె నోరు విప్పకపోతే అలాగే పోయేది.

రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. ఎవరికైనా అమ్మితే ఆ పొగ ఇంకో వీధికి పోతుంది, అంతే. అందుకని 2021 విధానం కింద అనుమతి ఉన్న స్క్రాపింగు కేంద్రానికి ఇచ్చేస్తున్నాను. గడువుకి మూడు వారాలుంది.

ఈలోగా ఒక ఆదివారం పామర్రు దాకా కారులో వెళ్దామని ఆమెని అడిగాను. "మీరు ముందు సీట్లో కూర్చుందురుగాని" అన్నాను. 'మీరు' అనేసరికి ఆమె విచిత్రంగా చూసింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "ఈ ఆదివారం మనవరాలితో సినిమాకెళ్తున్నానమ్మగారూ. అయినా ఆ కారులో ఏసీ లేదుగా, ఈ ఎండల్లో బస్సే నయం, కిటికీ పక్కన కూర్చుంటాను" అంది.

నా పశ్చాత్తాపానికి ఆమె ఆదివారం ఎందుకు ఖర్చవ్వాలి?