పురిటిగదిలో ప్రేక్షకుడు

ప్రసవము మన సమాజమున చిరకాలము తలుపుచాటు సంగతియై యుండెను. పురిటిగదిలో మంత్రసానికిని, ఇంటి పెద్దముత్తైదువలకును దక్క నొరులకు ప్రవేశము లేదు. భర్త వీథియరుగుమీద కూర్చుండి శిశువు ఏడ్పుకొరకు చెవియొగ్గి యుండెడివాడు. ఈ మరుగు లజ్జను కాపాడెననుట కొంత నిజమే. కాని యది యజ్ఞానమును గూడ కాపాడెను. తొలిచూలు పడుచునకు తన దేహమున నేమి జరుగనున్నదో చెప్పువారు లేక, భయమే గురువయ్యెను. ఇప్పుడు టెలివిజన్ ఆ తలుపు తెరచినది. తెరచినందులకు సంతసింపవలసినదే. ఐనను లోనికి చూచువాని ధర్మమేమి?

ఇందులకు ప్రసిద్ధమైన యుదాహరణము ఇంగ్లండులోని ఛానెల్ ఫోర్ సంస్థ 2010 మొదలు 2018 వరకు ప్రసారము చేసిన 'వన్ బార్న్ ఎవ్రీ మినిట్' అను కార్యక్రమము. తొలుత సౌతాంప్టన్ నగరమందలి ప్రిన్సెస్ యాన్ ఆసుపత్రిలో 40 కెమెరాలు బిగించి, ప్రసవించు స్త్రీలను, వారి బంధువులను, మిడ్‌వైఫులనబడు శిక్షణ పొందిన మంత్రసానులను చిత్రించిరి. దానివలన కలిగిన మేలును కాదనరాదు. భార్య చేయి పట్టుకొని యేమి చేయుటకును తోచని భర్తను, ఓర్పుతో ధైర్యము చెప్పు మిడ్‌వైఫును లక్షలమంది చూచిరి. ప్రసవము రోగము కాదనియు, అందు శ్రమయు, శాస్త్రమును, ఒకరికొకరు తోడగుటయు కలవనియు చూచినవారికి తెలిసెను.

కాని కెమెరా చూచినదంతయు టెలివిజన్ చూపదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన సూచనలనుబట్టి, తొలికాన్పున గర్భాశయముఖము ఐదు సెంటీమీటర్లు విచ్చినది మొదలు సంపూర్ణముగా విచ్చుకొనువరకు 12 గంటలదాక పట్టుట సహజమే. గంటకొక సెంటీమీటరు విచ్చితీరవలెనను పాతలెక్క అందరికిని వర్తింపదు. ఇంతకాలమును గంటసేపటి కార్యక్రమమున నిముడ్చునపుడు మొదట విడువబడునది నిరీక్షణము. మిగులునవి కేకలు, పరుగులు, యంత్రముల మ్రోతలు, తుదకు శిశురోదనము. ప్రసవమున నధికభాగము నిరీక్షణమే కదా! దానిని కోసివేసిన చిత్రములను చూచి పెరిగిన బాలిక, తన వంతు వచ్చినపుడు జాగునే ప్రమాదమని బెదరినచో నామె తప్పేమి? అబద్ధమాడకయే అబద్ధమును నమ్మించుట యిట్లు సాధ్యమగుచున్నది.

ఈ సందర్భమున భవభూతి ఉత్తరరామచరితమునందలి సప్తమాంకము స్మరణకు వచ్చుచున్నది. అందు వాల్మీకి రచించిన నాటకమును రాముడు ప్రేక్షకుడై చూచుచుండును. అడవిలో విడువబడిన సీత ప్రసవవేదనతో చేయు నాక్రందనము తెరవెనుకనుండి వినబడును. ఆ వేదనను కవి రంగముమీదికి తేలేదు. పిదప పృథివియు గంగయు చెరియొక శిశువు నెత్తుకొని, సీతను పట్టుకొని నడిపించుకొని వత్తురు. రాముడు తాళలేడు, ఇది నాటకమని లక్ష్మణుడు జ్ఞాపకము చేయవలసి వచ్చును. ఏల? ఆమెను ఆ స్థితికి తెచ్చినది తానేయని యాతడెరుగును. నాటకమందలి దుఃఖము ఏ యొక్కరి సొంతమును కాక సాధారణమగుటచేతనే రసమగునని అభినవగుప్తాదులు చెప్పిరి. డాక్యుమెంటరీలోని దుఃఖమట్టిది కాదు. ఆ స్త్రీకి పేరు కలదు, ఊరు కలదు; ఆ నొప్పి యామె సొంతము. దానిని రసముగా మాత్రమే యనుభవించి లేచిపోవుట పరుల సొమ్ము వాడుకొని ఋణము మరచుట వంటిది.

ఆ ఋణమును జ్ఞాపకము చేయు చిత్రములును లేకపోలేదు. రమోనా డియాజ్ 2017లో వెలువరించిన 'మదర్‌లాండ్' మనీలాలోని ఫబెల్లా ఆసుపత్రిని గూర్చినది. అందు ఒక్కొక్క మంచముమీద ఇద్దరేసి తల్లులు బిడ్డలతో పడుకొనియుందురు. నెలలు నిండని శిశువులను తల్లులు తమ రొమ్మున కట్టుకొని వెచ్చదనమిత్తురు. వ్యాఖ్యాత యెవ్వడును లేడు. ఐనను చూచువానికి 'అయ్యో, ఎంత నొప్పి!' అను జాలికంటె 'ఇంత ఇరుకేల?' అను ప్రశ్న ముందుగా పుట్టును. జాలి చూచినవానితోనే యింటికి పోవును. ప్రశ్న పాలకుల యొద్దకు పోగలదు.

ఇక సమ్మతి మాట. నెలలు నిండుచుండగా ఆలోచించి యిచ్చిన మాట వేరు, నొప్పులలో 'సరే' యన్నమాట వేరు. కావున ఒడలు కుదుటబడినపిమ్మట తల్లికి చిత్రమును చూపి మరల నడుగుటయు, వలదన్నచో కారణమడుగక తీసివేయుటయు ధర్మము. శిశువు నెవరడుగుదురు? తన తొలి యేడ్పు లోకమునకు వినోదమైనదని వాడు పెద్దవాడైన పిదప తెలిసికొనును. తల్లి బిడ్డకు బదులుగా అనుమతి నిచ్చునే గాని, బిడ్డ హక్కును అమ్మివేయజాలదు.

మన తెలుగునాట ఇట్టి కెమెరా ప్రసూతి ఆసుపత్రిలో ప్రవేశించినచో నేమి చూపవలెను? 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి, తెలంగాణమున నూటికి 60.7 కాన్పులును, ఆంధ్రప్రదేశమున 42.4 కాన్పులును సిజేరియన్ శస్త్రచికిత్సతో జరిగినవి. దేశము మొత్తముమీద నది 21.5 మాత్రమే. తల్లి కేకను మాత్రమే చూపిన చిత్రము, ఉన్న భయమునకు మరికొంత భయమును చేర్చును. కత్తి యేల యవసరమయ్యెను, తల్లికి వివరించిరా, తోడుగా నామె కోరినవారిని రానిచ్చిరా యని యడిగిన చిత్రము ఆమెకు మేలుచేయును. పూర్వము తలుపు మూసి యామెను భయమునకు విడిచితిమి. ఇప్పుడు తలుపు తెరచి, చూచి, మన దారిని మనము పోయితిమేని, ఆమెకు మన చూపువలన కలిగిన లాభమేమి?