పీల్చే గాలి, పుట్టుకతో వచ్చిన ఒళ్లు

ఒకే గాలి పీల్చిన ఇద్దరిలో ఒకరి గుండె దెబ్బతిని మరొకరిది నిలబడితే, ఆ తేడాను కర్మకు కట్టాలా, పుట్టుకకా, ఆ గాలికా అన్నది వైద్యానికీ ధర్మచింతనకూ ఉమ్మడి ప్రశ్న. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైన విజయనగరం ప్రాంతానికి ఇది దూరపు విషయం కాదు. ఆ ఖనిజం ఆధారంగానే గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కొలుములు వెలిశాయి. ఇలాంటి కొలిమి నుంచి కరిగిన లోహాన్ని వదిలేటప్పుడు లేచే ఆవిరి చల్లబడి అతి సూక్ష్మ కణాలవుతుంది. వాటిలో 100 నానోమీటర్ల లోపు ఉండే నానోకణాలూ ఉంటాయి. చట్టం గాలిలోని దుమ్మును ఘనపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని తూస్తుంది. నానోకణాలు లెక్కకు కోట్లున్నా బరువు అత్యల్పం కనుక ఆ తూకానికి చిక్కవు.

2017లో ఎడిన్‌బరో పరిశోధకులు హాని చేయని బంగారు నానోకణాలను ఆరోగ్యవంతుల చేత పీల్పిస్తే అవి రక్తంలోకి చేరాయి, మూడు నెలల తర్వాత కూడా మూత్రంలో కనిపించాయి. రక్తనాళాల వాపు, గుండె లయలో మార్పు సూక్ష్మధూళితో ముడిపడినవే. అందరిలో ఒకేలా మాత్రం కాదు. విషపదార్థాలను విరిచే ఎంజైముకు ఆధారమైన జీఎస్‌టీఎం1 జన్యువు కొందరికి పుట్టుకతోనే ఉండదు. బోస్టన్ వృద్ధులపై 2005లో వెలువడిన అధ్యయనంలో, బయటి గాలిలోని సన్నని ధూళి గుండె లయలోని సహజ హెచ్చుతగ్గులను తగ్గించింది ఆ జన్యువు లేనివారిలోనే.

జన్యువును నుదుటిరాతగా చదవడం తేలిక. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో శిష్యుడు అగ్నివేశుడు అడిగింది ఈ చిక్కునే, తిరగేసి: ప్రకృతి, బలం, ఆహారం, వయసు వేరైనవారు ఒకే రోగంతో ఒకేసారి ఎలా నశిస్తారు? మనుషులు వేరైనా గాలి, నీరు, నేల, కాలం ఉమ్మడివన్నాడు గురువు ఆత్రేయుడు. పూర్వకర్మను ఆయన కాదనలేదు. కానీ దానికీ అధర్మానికీ మూలం ప్రజ్ఞాపరాధమేనని, అంటే తెలివి తప్పి చేసే తప్పేనని, ఆ అధర్మం పాలకులతో మొదలై ప్రజలకు పాకుతుందని చెప్పాడు. శాలిహుండం, రామతీర్థం కొండలపై ఒకప్పుడు వెలిగిన బౌద్ధం ఇంకా సూటిగా మాట్లాడింది. సంయుత్త నికాయంలోని సీవక సుత్తంలో బుద్ధుడు వేదనకు ఎనిమిది కారణాలు చెప్పాడు, కర్మఫలం వాటిలో ఒకటి మాత్రమే. అంతా పూర్వకర్మే అనేవారు పొరబడ్డారన్నాడు.

కాబట్టి జన్యువు ఎవరు ముందు పడిపోతారో చెప్పగలదు, గాలిని చెడగొట్టిన బాధ్యతను మోయలేదు. జన్యుపరీక్ష చేసి బలహీనుణ్ణి గేటు బయట నిలబెడితే అతని కూలి పోతుంది, లోపలి గాలి అలాగే ఉంటుంది. పొగను కొలిమి దగ్గరే లాగేసే ఏర్పాటు, కాంట్రాక్టు కూలీలతో సహా అందరికీ ఏటా గుండె పరీక్ష చేయించడం యాజమాన్యాలూ ప్రభుత్వమూ కార్మికులకు తీర్చవలసిన బాకీ.